పట్టాకు కాపలా ఎవరు?

"బిట్‌కాయిన్ అంటే డబ్బు కదా! మరి యూనివర్సిటీలు డిగ్రీ పట్టాలను బ్లాక్‌చెయిన్‌లో పెడతామంటాయేమిటి? డబ్బుకూ పట్టాకూ ఎక్కడ కలిసింది?" పిల్లల్ని పై చదువులకు పంపుతున్న తల్లిదండ్రులు ఈమధ్య తరచుగా అడిగే ప్రశ్న ఇది. దీని వెనకాలే ఇంకొకటి వస్తుంది: "ఫీజుకని దాచిన డబ్బు క్రిప్టోలో పెడితే రెట్టింపవుతుందని మావాడు పోరుతున్నాడు. పెట్టనివ్వచ్చా?"

మొదటిది నమ్మకానికి సంబంధించిన ప్రశ్న, రెండోది డబ్బుకు సంబంధించింది. రెండింటి వెనకా ఒకే ఆవిష్కరణ ఉంది కాబట్టి జనం మనసులో అవి కలగలిసిపోయాయి. వాటిని విడదీసి, ఒక్కొక్కటిగా చూద్దాం.

ఇందుకు పశ్చిమ బెంగాల్‌లోని ఖరగ్‌పూర్ తగిన చోటు. 19వ శతాబ్దం చివర్లో బెంగాల్ నాగపూర్ రైల్వే ఇక్కడ జంక్షనూ వర్క్‌షాపూ కట్టింది. తూర్పు తీరం వెంట వాల్తేరు దాకా ఉన్న మార్గం 1902లో ఆ కంపెనీ చేతికి వచ్చింది. ఆ దారినే ఉత్తరాంధ్ర పల్లెల నుంచి కూలీలు, ఫిట్టర్లు, ఫైర్‌మన్లు వచ్చి ఈ ఊళ్లో స్థిరపడ్డారు. నింపురా, మథురాకాటి వంటి పేటల్లో వాళ్ల మనుమలూ మునిమనుమలూ ఇప్పటికీ తెలుగు మాట్లాడుకుంటున్నారు. 2020 డిసెంబరులో బెంగాల్ మంత్రివర్గం తెలుగుకు అధికార భాష హోదా ఇవ్వడానికి ఒప్పుకుందంటే అందుకు ముఖ్య కారణం వీళ్లే. రైలుపట్టాల అవతల హిజ్లీ ఉంది. స్వాతంత్ర్య సమరయోధులను బంధించడానికి బ్రిటిష్ ప్రభుత్వం 1930లో తెరిచిన నిర్బంధ శిబిరం అక్కడిదే. ఆ భవనంలోనే 1951లో దేశపు తొలి ఐఐటీ మొదలైంది. ఇవాళ ఆ ఐఐటీ ఆచార్యులు చెప్పే బ్లాక్‌చెయిన్ పాఠాలను దేశమంతా ఇంటర్నెట్‌లో ఉచితంగా వింటోంది. ఆ పాఠాల్లోని మూలసూత్రం మాత్రం రైల్వే వాళ్లకు తాతల నాటి నుంచీ తెలిసినదే.

రెండు స్టేషన్లు, రెండు పుస్తకాలు

ఖరగ్‌పూర్ నుంచి హౌరా వైపు బయలుదేరితే మొదట జక్‌పూర్, ఆ తర్వాత మాద్‌పూర్ వస్తాయి. పాత పద్ధతిలో జక్‌పూర్ స్టేషన్ మాస్టరు ఒక బండిని తనంత తానుగా ముందుకు వదలడానికి వీల్లేదు. మాద్‌పూర్ మాస్టరును లైన్ క్లియర్ అడగాలి. రెండు స్టేషన్ల మధ్య మరో బండి లేదని నిర్ధారించుకున్నాకే ఆయన ఒప్పుకుంటాడు. ఒప్పుకున్నందుకు గుర్తుగా తన దగ్గరున్న షీట్‌లోంచి ఒక ప్రైవేట్ నంబరు చెబుతాడు. ఆ షీట్‌లో అంకెలు వరుసలో ఉండవు కాబట్టి తర్వాత ఏ అంకె వస్తుందో అవతలివాళ్లు ఊహించలేరు. ఒకసారి వాడిన అంకెను కొట్టేస్తారు. బండి నంబరు, అడిగిన వేళ, ఒప్పుకున్న వేళ, ప్రైవేట్ నంబరు అన్నిటినీ ఇద్దరూ ఎవరి ట్రెయిన్ సిగ్నల్ రిజిస్టర్‌లో వాళ్లు రాసుకుంటారు.

ఇప్పుడు జక్‌పూర్ మాస్టరు ఏదో పొరపాటు చేసి, దాన్ని కప్పిపుచ్చుకోవడానికి రాత్రికి రాత్రి తన రిజిస్టర్‌లో వేళ దిద్దాడనుకుందాం. ఏం లాభం? మాద్‌పూర్ పుస్తకంలో అసలు వేళ అలాగే ఉంటుంది. మాద్‌పూర్ మాస్టరునూ ఒప్పించి అక్కడా దిద్దించినా అంతటితో తీరదు. అదే బండి శ్యామ్‌చక్ దాటింది, బాలిచక్ దాటింది. అక్కడి పుస్తకాల్లో వేళలు వీటితో పొసగవు. ప్రమాదం జరిగితే విచారణాధికారులు పక్క స్టేషన్ల రిజిస్టర్లను కూడా స్వాధీనం చేసుకునేది ఇందుకే. ఏ మాస్టరు నిజాయితీపరుడన్న చర్చతో వాళ్లకు పని లేదు. పుస్తకాలను పక్కపక్కన పెట్టి చూస్తే చాలు.

బ్లాక్‌చెయిన్‌లో ఉన్నది ఇదే ఆలోచన. ఒకే ఖాతాపుస్తకానికి నకళ్లు చాలామంది దగ్గర ఉంటాయి. కొత్త పద్దు రాయాలంటే వాళ్లంతా ముందే ఏర్పరచుకున్న నియమం ప్రకారం ఒప్పుకోవాలి. రాసినదాన్ని చెరపకూడదు, తప్పు దొర్లితే కింద సవరణ పద్దు రాయాలే తప్ప పాతదాన్ని ముట్టుకోకూడదు. దీన్ని తెలుగులో గొలుసు ఖాతా అందాం.

డిగ్రీ పట్టా సంగతి ఇందుకు పూర్తిగా వేరు. దాని అసలు రికార్డు ఒకే యూనివర్సిటీ పరీక్షల విభాగంలో, ఒకే పుస్తకంలోనో ఒకే కంప్యూటర్‌లోనో ఉంటుంది. లోపలి మనిషి ఎవరైనా లంచం తీసుకుని పాత తేదీతో ఒక పేరు చేర్చితే సరిచూడటానికి పక్క స్టేషన్ పుస్తకం లేదు. బయట అచ్చువేసిన దొంగ పట్టాను ఫోన్ చేసి కనుక్కుంటే పట్టేయవచ్చు. లోపల చేర్చిన దొంగ పద్దును పట్టుకోవడం చాలా కష్టం. గొలుసు ఖాతా విద్యారంగానికి నిజంగా పనికొచ్చేది ఇక్కడే.

ముద్రాంకం అనే లెక్క

స్టేషన్ రిజిస్టర్లు రెండే అయితే కళ్లతో పోల్చవచ్చు. లక్షల పేజీల పుస్తకానికి వేల నకళ్లుంటే ప్రతి అక్షరాన్నీ పోల్చడం ఎవరి తరం? అందుకు గణితం ఒక సాధనాన్ని ఇచ్చింది. కంప్యూటర్ వాళ్లు హాష్ అంటారు, మనం ముద్రాంకం అందాం.

మార్కుల మెమో కావచ్చు, మహాభారతం మొత్తం కావచ్చు, ఫొటో కావచ్చు. దాన్ని ఈ లెక్కలోకి పంపితే చివరికి ఒకే పొడవున్న ఒక పెద్ద సంఖ్య వస్తుంది. ఎక్కువగా వాడుకలో ఉన్న షా-256 అనే పద్ధతి 2001లో వెలువడింది. దాని ఫలితం ఎప్పుడూ 64 గుర్తుల పొడవే ఉంటుంది. ఈ లెక్కకు మూడు గుణాలున్నాయి. ఒకే పత్రాన్ని ఎన్నిసార్లు పంపినా అదే ముద్రాంకం వస్తుంది. పత్రంలో ఒక్క కామా మార్చినా పాతదానితో ఏ పోలికా లేని ముద్రాంకం వస్తుంది. ముద్రాంకాన్ని చూసి అసలు పత్రంలో ఏముందో రాబట్టలేం.

రెండు వేరు వేరు పత్రాలకు ఒకే ముద్రాంకం రావచ్చు కదా అని మీకు అనుమానం రావాలి. సూత్రరీత్యా రావచ్చు. కానీ సాధ్యమయ్యే ముద్రాంకాల సంఖ్య 1 పక్కన 77 సున్నాలు పెట్టినంత. కావాలని అలాంటి జంటను తయారుచేయడం షా-256లో ఇప్పటిదాకా ఎవరి వల్లా కాలేదు.

మళ్లీ స్టేషన్‌కు వెళదాం. రిజిస్టర్‌లో ఒక పేజీ నిండగానే దాని ముద్రాంకాన్ని కట్టి, తర్వాతి పేజీ మొదటి వరుసలో రాశామనుకోండి. ఆ పేజీ నిండాక మొదటి వరుసతో సహా దాని ముద్రాంకం కట్టి మూడో పేజీ తలమీద రాస్తాం. ఇలా ప్రతి పేజీ తన ముందు పేజీ గుర్తును మోస్తుంది. ఇప్పుడు ఎవరైనా పదో పేజీలో ఒక వేళ దిద్దితే దాని ముద్రాంకం మారిపోతుంది. పదకొండో పేజీ తలమీద ఉన్న అంకెతో అది సరిపోదు. దాన్నీ దిద్దితే పన్నెండో పేజీ తప్పుతుంది. అలా చివరి పేజీ దాకా, అదీ అన్ని స్టేషన్లలోని అన్ని నకళ్లలోనూ తిరగరాస్తే తప్ప మోసం దాగదు. ఇక్కడ ప్రతి పేజీ గొలుసులో ఒక లంకె. ఇదే బ్లాక్‌చెయిన్ నిర్మాణం.

వార్తాపత్రిక ప్రకటన నుంచి బిట్‌కాయిన్ దాకా

ఈ గొలుసు డబ్బు కోసం పుట్టిందని చాలామంది అనుకుంటారు. అది పత్రాల తేదీలను కాపాడటానికి పుట్టింది. 1991లో స్టువర్ట్ హేబర్, స్కాట్ స్టోర్నెట్టా అనే ఇద్దరు అమెరికన్ పరిశోధకులు కంప్యూటర్ పత్రానికి వెనకటి తేదీ వేయకుండా ఆపడమెలా అన్న ప్రశ్నకు జవాబుగా ఒక పరిశోధన పత్రం రాశారు. పత్రాల ముద్రాంకాలను ఒకదానితో ఒకటి గొలుసుగా కట్టాలన్నది అందులోని సూచన. 1995 నుంచి వాళ్ల సంస్థ వారం వారం వచ్చిన పత్రాలన్నిటికీ కలిపి ఒక ముద్రాంకం కట్టి, న్యూయార్క్ టైమ్స్‌లో చిన్న ప్రకటనగా వేయించేది. ఆ పత్రిక ప్రతులు లక్షల ఇళ్లకూ గ్రంథాలయాలకూ చేరాక ఆ అంకెను మార్చడం ఎవరి తరం? మన గొలుసు ఖాతాకు అవే తొలి నకళ్లు.

2008 అక్టోబర్ 31న సతోషీ నకమోటో అనే మారుపేరుతో ఎవరో బిట్‌కాయిన్‌ను ప్రతిపాదిస్తూ ఒక 9 పేజీల పత్రాన్ని బయటపెట్టారు. అందులో పేర్కొన్న ఆధారాలు 8. వాటిలో 3 హేబర్, స్టోర్నెట్టాల పనే. నకమోటో తీసుకున్న సమస్య ఇంకా కఠినమైనది. పత్రిక లేదు, సంస్థ లేదు, ఒకరినొకరు ఎరగని జనం ఒకే ఖాతాపుస్తకాన్ని కలిసి నడపాలి. అందులో ఎవరైనా చేరవచ్చు, ఎవరైనా మోసగాడు కావచ్చు. అలాంటప్పుడు తర్వాతి పేజీ రాసే హక్కు ఎవరిది?

నకమోటో పరిష్కారం ఇది: పేజీ రాయాలనుకునేవాడు ముందు బోలెడంత లెక్క చేసి చూపాలి. పేజీలో ఒక అంకెను మారుస్తూ మారుస్తూ, ఆ పేజీ ముద్రాంకం మొదట్లో కావలసినన్ని సున్నాలు వచ్చేదాకా ప్రయత్నించాలి. దీనికి అడ్డదారి లేదు. కోట్ల కోట్ల సార్లు వేసి చూడాల్సిందే. దీన్నే తవ్వకం, ఇంగ్లీషు వాడుకలో మైనింగ్, అంటున్నారు. సుమారు 10 నిమిషాలకు ఒకరు గెలుస్తారు. గెలిచినవారికి కొత్తగా పుట్టే నాణేలు బహుమతి. 2009 జనవరి 3న తొలి పేజీ పుట్టినప్పుడు ఆ బహుమతి 50 బిట్‌కాయిన్లు. అది సుమారు నాలుగేళ్లకోసారి సగమవుతూ 2024 ఏప్రిల్‌లో 3.125కు చేరింది. మొత్తం నాణేలు 2.1 కోట్లు దాటవు.

ఇప్పుడు మొదటి ప్రశ్నకు జవాబు దొరికింది. తలుపులు అందరికీ తెరిచి ఉన్న గొలుసు ఖాతాలో కాపలా కాసే అపరిచితులకు ఇచ్చే కూలి క్రిప్టోకరెన్సీ. కాపలా కాసేవాళ్లు ఎవరో ముందే తెలిస్తే ఆ కూలితో పని లేదు. పది యూనివర్సిటీలు, ఒక ఉన్నత విద్యామండలి, ఒక ప్రభుత్వ సంస్థ కలిసి ఖాతా నడిపితే ఎవరు ఏ పేజీ రాశారో అందరికీ తెలుస్తుంది. తప్పు చేసినవారిని చట్టం ముందు నిలబెట్టవచ్చు. ఇలాంటిదాన్ని అనుమతి గొలుసు అందాం. 2017లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం భూమి రికార్డుల కోసం స్వీడన్ సంస్థ క్రోమావేతో ప్రయోగం మొదలుపెట్టినా, అదే ఏడాది హైదరాబాద్‌లోని బ్యాంకింగ్ పరిశోధన సంస్థ ఐడీఆర్‌బీటీ బ్యాంకింగ్ రంగంలో బ్లాక్‌చెయిన్ మీద శ్వేతపత్రం తెచ్చినా, వాటి ఆసక్తి ఖాతా మీదే. నాణెం లేకుండా గొలుసు ఉండగలదు. పట్టాకు కావలసింది గొలుసే.

పట్టా గొలుసెక్కిన తీరు

పట్టాను గొలుసులో పెట్టడమంటే ఫొటో తీసి అందరి కంప్యూటర్లలో దాచడం కాదు. అలా చేస్తే విద్యార్థి మార్కులు ఊరందరికీ తెలిసిపోతాయి. పెట్టేది ముద్రాంకం ఒక్కటే.

ముందుగా యూనివర్సిటీ పట్టాను కంప్యూటర్ పత్రంగా తయారుచేసి, తన రహస్య తాళంచెవితో దానికి డిజిటల్ సంతకం చేస్తుంది. ఆ తాళంచెవికి జంటగా బహిరంగ తాళంచెవి ఒకటుంటుంది. దాంతో సంతకం నిజమా కాదా అని ఎవరైనా చూసుకోవచ్చు, కానీ కొత్త సంతకం చేయలేరు. తర్వాత పట్టా ముద్రాంకం కట్టాలి. వెయ్యి మంది పట్టభద్రులుంటే వెయ్యి పద్దులు రాయనక్కర్లేదు. 1979లో రాల్ఫ్ మెర్కల్ చూపిన పద్ధతిలో రెండేసి ముద్రాంకాలను జతచేసి కొత్త ముద్రాంకం కడతారు. వచ్చినవాటిని మళ్లీ రెండేసి జతచేస్తారు. అలా పోతే 1,024 పట్టాలు పదో అంచెలో ఒకే ముద్రాంకంగా మిగులుతాయి. గొలుసులో రాసేది ఆ ఒక్కటే. ఒక విద్యార్థి తన పట్టా ఆ గుంపులో ఉందని రుజువు చేయడానికి పక్క ముద్రాంకాలు 10 చూపిస్తే చాలు. మిగతా 1,023 మంది వివరాలు బయటపడవు.

సైప్రస్‌లోని నికోసియా విశ్వవిద్యాలయం ఈ దారిలో ముందు నడిచింది. 2013లో ఫీజును బిట్‌కాయిన్లలో తీసుకుంటామని ప్రకటించింది. మరుసటి ఏడాది కోర్సు సర్టిఫికెట్ల ముద్రాంకాలను బిట్‌కాయిన్ గొలుసులో నమోదు చేసింది. 2017లో అమెరికాలోని ఎంఐటీ ప్రయోగాత్మకంగా 111 మంది పట్టభద్రులకు ఫోన్‌లో ఉండే పట్టాలిచ్చింది. ఆ పట్టా తనకు అవసరమైన చోటికి విద్యార్థే పంపుకుంటాడు. అందుకున్న కంపెనీ యూనివర్సిటీకి ఫోన్ చేయకుండానే సరిచూసుకుంటుంది. మన దేశంలో 2021 డిసెంబర్ 28న ఐఐటీ కాన్పూర్ 54వ స్నాతకోత్సవంలో ప్రధానమంత్రి బ్లాక్‌చెయిన్ పట్టాలను విడుదల చేశారు. అందుకు వాడిన సాంకేతికతను జాతీయ బ్లాక్‌చెయిన్ ప్రాజెక్టు కింద ఆ సంస్థలోనే తయారుచేశారు. అదే ఏడాది సీబీఎస్‌ఈ కూడా నేషనల్ ఇన్ఫర్మాటిక్స్ సెంటర్ సాయంతో తన ఫలితాల పత్రాలను ఇలాంటి ఖాతాలోకి తెచ్చే పని మొదలుపెట్టింది.

నింపురాలో పెరిగిన అమ్మాయి ఒకరు జర్మనీలో ఎమ్మెస్ సీటు కోసం దరఖాస్తు చేసిందనుకోండి. ఇవాళ్టి పద్ధతిలో ఆమె ట్రాన్‌స్క్రిప్టుల కోసం కాలేజీ చుట్టూ తిరగాలి, సీలు వేసిన కవర్లు పంపాలి, రుసుములు కట్టాలి, జవాబు కోసం ఎదురుచూడాలి. పట్టా ఆమె చేతిలోనే రుజువుతో సహా ఉంటే ఈ శ్రమంతా క్షణాల పని. పేదింటి పిల్లలకు ఆ రుసుములూ ఆ తిరుగుళ్లూ ఎంత భారమో తెలిసినవారెవరూ దీన్ని చిన్న విషయమని కొట్టిపారేయరు.

అబద్ధాన్నీ అంతే భద్రంగా దాస్తుంది

గొలుసు ఖాతా గురించి ప్రచారం చేసేవారు చాలాసార్లు దాటవేసే సంగతి ఒకటుంది. రాసినదాన్ని మార్చకుండా కాపాడటమే దాని పని. రాసింది నిజమో కాదో దానికి తెలియదు.

ఈ తేడా తెలుగు కుటుంబాలకు గట్టిగా తగిలింది. 2011 జనవరిలో కాలిఫోర్నియాలోని ట్రైవ్యాలీ యూనివర్సిటీ మీద వీసా మోసం ఆరోపణపై అమెరికా అధికారులు దాడి చేశారు. అందులో చేరిన సుమారు 1,500 మంది విద్యార్థుల్లో అత్యధికులు భారతీయులు, వారిలోనూ ఎక్కువమంది అప్పటి ఆంధ్రప్రదేశ్ పిల్లలు. వందలాది మంది విద్యార్థుల చిరునామాగా ఒకే అపార్ట్‌మెంట్‌ను రికార్డుల్లో రాసినట్టు తేలింది. కొందరు పిల్లల కాళ్లకు నిఘా పరికరాలు తగిలించారు. యూనివర్సిటీ నడిపినావిడకు 2014లో 16 ఏళ్లకు పైగా జైలు శిక్ష పడింది. 2019 జనవరిలో మిషిగన్‌లోని ఫార్మింగ్టన్ యూనివర్సిటీ ఉదంతం బయటికొచ్చింది. అక్రమాలను పట్టుకోవడానికి అమెరికా అధికారులే ఉత్తుత్తిగా పెట్టిన సంస్థ అది. తొలి విడత అరెస్టుల్లో 129 మంది భారతీయులున్నారు. వారిలోనూ తెలుగువాళ్లే ఎక్కువ.

ఈ రెండు సంస్థలూ తమ పట్టాలను బ్లాక్‌చెయిన్‌లో పెట్టి ఉంటే ఏమయ్యేది? సంతకాలు సరిపోయేవి. ముద్రాంకాలు సరిపోయేవి. తేదీలు చెక్కుచెదరకుండా ఉండేవి. ఆ పకడ్బందీ ఏర్పాటు చూసి ఇంకా ఎక్కువమంది నమ్మి ఉండేవారు. రెండు స్టేషన్ మాస్టర్లూ కూడబలుక్కుని లేని బండిని రాసుకుంటే రెండు రిజిస్టర్లూ చక్కగా సరిపోతాయి. పట్టాల మీద బండి మాత్రం ఉండదు. యూనివర్సిటీకి గుర్తింపు ఉందా, అక్కడ పాఠాలు జరుగుతున్నాయా, పరీక్షలు నిక్కచ్చిగా పెడుతున్నారా అన్నవి మనుషులు వెళ్లి చూసి చెప్పాల్సిన విషయాలు.

ఇంకొన్ని చిక్కులున్నాయి. కాపీ కొట్టి పాసయ్యారని తేలితే పట్టాను రద్దు చేయాలి. కానీ గొలుసులో చెరపడం కుదరదు. అందుకని రద్దయిన పట్టాల జాబితాను యూనివర్సిటీ వేరే చోట ఉంచాలి, సరిచూసేవారు దాన్ని కూడా చూడాలి. అంటే యూనివర్సిటీతో పని పూర్తిగా తీరిపోదు. సంతకం చేసే రహస్య తాళంచెవి దొంగల పాలైతే దొంగ పట్టాలు అసలువాటిలాగే పుడతాయి. కాపలా కాసే లెక్కశక్తి తక్కువగా ఉన్న గొలుసును తిరగరాయడమూ అసాధ్యమేమీ కాదు. ఇథీరియం క్లాసిక్ అనే గొలుసులో 2019లోనూ 2020లోనూ దాడిచేసినవారు సగానికి పైగా లెక్కశక్తిని కూడగట్టి ఇటీవలి పేజీలను తిరగరాశారు.

అన్ని చోట్లా బ్లాక్‌చెయినే కావాలని కూడా లేదు. తెలంగాణ ఉన్నత విద్యామండలి 2022లో విద్యార్థుల సర్టిఫికెట్లను సరిచూసే పోర్టల్ తెచ్చింది. రాష్ట్ర యూనివర్సిటీల రికార్డులను ఒకచోట చేర్చి, ఉద్యోగాలిచ్చేవారు చూసుకునే వీలు కల్పించింది. దేశమంతటికీ డిజిలాకర్, నేషనల్ అకడమిక్ డిపాజిటరీ ఉన్నాయి. ఇవి మామూలు కేంద్రీకృత ఖాతాలు. బయట అచ్చయ్యే దొంగ పట్టాలను ఆపడానికి ఇవి చాలు. లోపలివారు వెనకటి తేదీలతో చేసే మోసాన్ని ఆపడానికీ, సంస్థ మూతపడినా పట్టా రుజువు మిగలడానికీ గొలుసు అదనపు బలమిస్తుంది. ఏ రోగానికి ఏ మందో తేల్చుకోకుండా కొత్త పేరున్న మందే కొనడం ప్రజల డబ్బు వృథా చేయడమే.

ఫీజు డబ్బు ఎక్కడ ఉండాలి?

ఇక రెండో ప్రశ్న. సూటిగా చెబుతాను: ఫీజుకని దాచిన డబ్బు క్రిప్టోలో పెట్టనివ్వకండి.

ఫీజు కట్టాల్సిన తేదీ ముందే తెలుసు, మొత్తం ముందే తెలుసు. అలాంటి డబ్బుకు స్థిరత్వం కావాలి. 2021 నవంబరులో ఒక బిట్‌కాయిన్ ధర సుమారు 69,000 డాలర్లకు ఎక్కింది. సరిగ్గా ఏడాదికి, 2022 నవంబరులో, 16,000 డాలర్ల దరికి పడింది. శిఖరంలో ఫీజు డబ్బు పెట్టిన కుటుంబానికి మరుసటి ఏటి ఫీజు వేళకు దాదాపు పావు వంతు మిగిలేది. తర్వాత ధర మళ్లీ లేచింది నిజమే, కానీ ఫీజు గడువు అంతదాకా ఆగదు.

చట్టం సంగతీ తెలుసుకోవాలి. 2018 ఏప్రిల్‌లో రిజర్వు బ్యాంకు క్రిప్టో వ్యాపారాలతో బ్యాంకులు లావాదేవీలు జరపకూడదని ఆదేశించింది. 2020 మార్చి 4న సుప్రీంకోర్టు ఆ ఆదేశాన్ని కొట్టేసింది. అంతమాత్రాన క్రిప్టో మన దేశంలో చెల్లుబాటయ్యే డబ్బు అయిపోలేదు. 2022 బడ్జెట్ దాని లాభం మీద 30 శాతం పన్ను వేసింది. ఒక నాణెంలో వచ్చిన నష్టాన్ని మరోదాని లాభంలోంచి తీసేసి లెక్క చూపడానికి వీల్లేదు. ఆ ఏడాది జూలై నుంచి అమ్మకం మీద 1 శాతం ముందే కోత పడుతోంది. 2022 డిసెంబర్ 1న ప్రయోగాత్మకంగా జనానికి వచ్చిన డిజిటల్ రూపాయి వేరు. అది రిజర్వు బ్యాంకు జారీచేసే రూపాయే, దాని విలువ ఎక్కడానికీ దిగడానికీ లేదు.

గొలుసు ఎంత గట్టిదైనా నాణేలు దాచుకున్న చోటు గట్టిది కాకపోవచ్చు. 2024 జూలైలో వజీర్ఎక్స్ అనే భారతీయ ఎక్స్ఛేంజీ నుంచి సుమారు 23 కోట్ల డాలర్ల విలువైన నాణేలను దొంగలు తరలించారు. అక్కడ గొలుసు తెగలేదు. తాళాలున్న చోట కన్నం పడింది. డబ్బు పోగొట్టుకున్నవారికి ఆ తేడా ఏ ఓదార్పూ ఇవ్వదు.

హిజ్లీ పాఠం

క్రిప్టోలో డబ్బు పెట్టవద్దనడం, దాని వెనకున్న శాస్త్రాన్ని నేర్చుకోవద్దనడం ఒకటి కాదు. నేర్చుకోవడం చాలా అవసరం. ఐఐటీ ఖరగ్‌పూర్ ఆచార్యుడు సందీప్ చక్రవర్తి 2018లో ఐబీఎం పరిశోధకుడు ప్రవీణ్ జయచంద్రన్‌తో కలిసి ఎన్‌పీటెల్ అనే ఆన్‌లైన్ పాఠాల వేదిక మీద బ్లాక్‌చెయిన్ కోర్సు నడిపారు. తర్వాత అదే ఐఐటీకి చెందిన శమిక్ సురల్‌తో కలిసి 12 వారాల మరో కోర్సు తయారుచేశారు. ముద్రాంకాలు, డిజిటల్ సంతకాలు, ఏకాభిప్రాయ పద్ధతులు, అనుమతి గొలుసులు అందులో వరుసగా వస్తాయి. వినడానికి ఫీజు లేదు. పరీక్ష రాసి సర్టిఫికెట్ తీసుకోవాలంటేనే రుసుము. అదే ప్రాంగణంలో దేబ్‌దీప్ ముఖోపాధ్యాయ్ రహస్య తాళంచెవులు యంత్రాల్లోంచి ఎలా బయటపడతాయో, వాటినెలా కాపాడాలో పరిశోధిస్తున్నారు. ఆయనకు 2021లో శాంతి స్వరూప్ భట్నాగర్ పురస్కారం వచ్చింది.

ఐఐటీ గోడలకు ఇవతల, రైల్వే కాలనీలో ఉన్న విద్యార్థి కూడా ఫోన్‌లో ఈ పాఠాలు వినవచ్చు. శ్రీకాకుళంలోని విద్యార్థికీ ఆదిలాబాద్‌లోని విద్యార్థికీ అంతే అందుబాటు. నాణెం ధర రేపు పెరుగుతుందా తగ్గుతుందా అని ఊహించడం జూదం. గొలుసు ఎక్కడ తెగుతుందో లెక్కకట్టి చెప్పగలగడం విద్య, దానికి గిరాకీ పోదు.

యూనివర్సిటీలను మనం అడగాల్సినవి మూడున్నాయి. పట్టా రుజువు విద్యార్థి చేతిలో ఉండాలి, దానికి మళ్లీ మళ్లీ రుసుము కట్టించుకోకూడదు. మార్కులు నమోదైన రోజే వాటి ముద్రాంకం బయటి ఖాతాలో పడాలి, అప్పుడే వెనకటి తేదీల వ్యాపారం ఆగుతుంది. మూడోది అన్నిటికన్నా ముఖ్యం: ఆ మార్కుల వెనక నిజమైన బోధన, నిజమైన పరీక్ష ఉండాలి. మొదటి రెండింటినీ మంచి ఇంజనీర్లు కొద్దికాలంలో కట్టివ్వగలరు. మూడోదానికి అధ్యాపకుల నియామకాలు, ప్రయోగశాలలు, నిక్కచ్చి తనిఖీలు కావాలి, అవి ఏళ్ల తరబడి సాగాలి. పట్టాకు గట్టి కాపలా పెట్టడం మంచిదే. ఆ కాపలాకు అర్థం ఉండాలంటే మన ప్రభుత్వాల డబ్బూ మన శ్రద్ధా ముందు తరగతి గదికి చేరాలి.